మోకాళ్లకు తగిలే సైకిళ్లు

జూన్ 9, ఆదివారం. ప్రొద్దుటూరు

కువైట్‌లో నేను బయల్దేరకముందే కార్గోలో వేసిన సైకిలు ఈరోజు ఇల్లు చేరింది. నేను మొన్ననే చేరాను. అట్టపెట్టె చించి, కట్లు విప్పి, హ్యాండిల్ తిప్పి బిగించి, ముందు బుట్ట తగిలించి గాలి కొట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. లేత ఊదా రంగు. అంగట్లో చూసినప్పుడే ఇది మా సాజియాదే అనుకున్నాను.

పిల్లను పిలిచాను. వచ్చి చూసి, "బాగుంది" అంది. ఒకసారి బెల్లు కొట్టి లోపలికి పోయింది. సిగ్గు. నాలుగేళ్ల తర్వాత చూస్తోంది కదా నన్ను.

కొలత విషయంలో మా నాయన చేసిన తప్పు నేను చేయలేదు. నేను కారు తోలిన ఇంటివాళ్ల పెద్దకూతురిది సాజియా వయసే. రోజూ నేనే బడికి దింపేవాణ్ణి. కారు పక్కన నిలబడితే ఆ పిల్ల తల ఎక్కడికి వచ్చేదో నాకు బాగా గుర్తు. అంగడివాడికి చెయ్యి ఆ ఎత్తులో పెట్టి చూపించి తీసుకున్నాను. పదోతరగతి పిల్ల ఎక్కడైనా పదోతరగతి పిల్లే కదా.

సీటు కొంచెం పైకి లేపాలి, అంతే.

జూన్ 10, సోమవారం

సైకిలు ముట్టలేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

జూన్ 13, గురువారం

బడులు తెరిచారు. సాజియా స్కూటీ మీద పోయింది. సందు చివరిదాకా తనే తోలింది, నా భార్య ఆస్మా వెనక కూర్చుంది. అక్కడ ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. చెయ్యి ఊపాలో వద్దో తేల్చుకునేలోపు మలుపు తిరిగిపోయారు.

పొద్దంతా ఇంట్లో నేనూ సైకిలే. ఆస్మా బడి దగ్గర పిల్లను దింపి అట్నుంచి అటే కుట్టు సెంటరుకు పోతుంది. టీ పెట్టుకుందామంటే చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియలేదు. వాళ్లు ఏ డబ్బాలో ఏం పెడతారో నాకు తెలియదు. చక్కెర లేకుండానే తాగాను.

సాయంత్రం సాజియా మాట ఒకటి రాసి పెట్టుకోవాలి. నేను చాప మీద తన ఎదురుగానే కూర్చుని ఉన్నాను. వంటింట్లోకి తిరిగి, "అమా, అన్నానికి రమ్మను" అంది. రమ్మనాల్సింది నన్ను. ఇప్పటిదాకా ఈ పిల్ల నన్ను ఏమనీ పిలవలేదు. ఫోన్‌లో అయితే "నాయనా, ఎట్లుండావు" అనేది. అది కూడా ఆస్మా పక్కనుంచి అందిస్తే అనేదేమో.

ఎర్ర సైకిలు గుర్తొచ్చింది. నా మొదటిది.

మా నాయన దస్తగిరి. జమ్మలమడుగులో దూది ఏకి, పరుపులు కుట్టే పని విడిచిపెట్టి కువైట్ పోయాడు. ఆయన పోయే ముందు రోజు ఒక తంతు ఉండేది. నన్ను తలుపుకు ఆనించి నిలబెట్టి, నడుము నుంచి మడమ దాకా పరుపు కుట్టే దారం పట్టి, అక్కడ ముడి వేసేవాడు. ఆ దారాన్ని తాయెత్తుతో పాటు మెడలోని చిన్న సంచిలో పెట్టుకునేవాడు. కువైట్ బజారులో సైకిలు పక్కన ఆ దారం పట్టి చూసి కొనేవాడట. ఎంత జాగ్రత్త మనిషంటే, ఆ దారం ఎప్పుడూ పోగొట్టుకోలేదు. నేను ఎదుగుతానన్న సంగతి మాత్రం మరచిపోయేవాడు.

ఎర్ర సైకిలు వచ్చినప్పుడు వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. ఎక్కి కూర్చుంటే నా మోకాళ్లు పోయి హ్యాండిల్‌కు కొట్టుకున్నాయి. నేను నోరు తెరిచేలోపు మా అమ్మ పీరాంబీ నన్ను నీళ్ల తొట్టి వెనక్కి లాక్కుపోయింది.

"కాలు తగులుతాదని మీ నాయన ముందర అన్యావంటే చూడు. ఎంత ఆశగా తెచ్చినాడో ఆయప్ప. మోకాళ్లు బయటికి పెట్టి తొక్కు."

పెట్టి తొక్కాను. మోకాళ్లు రెండు పక్కలా చాచి, మడమలతో పెడల్ నొక్కుకుంటూ వీధి చివరిదాకా పోయి వచ్చాను. "కప్ప సైకిలెక్కిందిరోయ్" అని పిలకాయలు వెంట పడ్డారు. మా నాయన గడపలో కూర్చుని, "ఎట్లుందిరా షాహులూ" అన్నాడు. "బాగుంది నాయనా" అన్నాను. ఆయన సెలవు ఉన్నన్ని రోజులూ అట్లాగే తొక్కాను. ఆయన పోయిన మర్నాడే మా చెల్లెలు గౌసియాకు ఇచ్చేశాను. దానికి సరిగ్గా సరిపోయింది.

జూన్ 17, సోమవారం. బక్రీద్

నమాజుకు పోయాను. ఈద్గాలో కనబడిన ప్రతివాడూ నన్ను కౌగిలించుకుని అడిగిన మాట ఒకటే. "ఎప్పుడొచ్చినావు? ఎప్పుడు పోతాండావు?" రెండూ ఒకే ఊపిరిలో. నేను పని మానేసి వచ్చేశానని చెబితే అందరూ మాట మార్చారు. ఇంక చెప్పడం మానేశాను.

సాజియా కొత్త గుడ్డల్లో బాగుంది. సలాం చెప్పింది. అందరికీ చెప్పినట్టే నాకూ.

జూన్ 19, బుధవారం

హుమాయున్ కువైట్ నుంచి ఫోన్ చేశాడు. నాతో పాటు ఒకే గదిలో ఏళ్లతరబడి పడుకున్న మనిషి, ఖాజీపేట వాడు. తను పనిచేసే ఇంటి పక్కింట్లో డ్రైవరు కావాలట.

"మంచి ఇల్లు మామా. ముగ్గురు పిల్లోళ్లు, బడికి తీసకపోయేది, తీసకొచ్చేది. నువ్వు ఊ అంటే నెల ఆఖరుకు మాట్లాడేస్తా. అయినా ఆడ ఏం చేస్తాండావు?"

"ఏం లేదు. సైకిలుకు గాలి కొడతాండా" అన్నాను. నవ్వాడు. నేను నిజమే చెప్పాను. రోజూ పొద్దున గాలి చూస్తున్నాను. ఎవరూ తొక్కని సైకిలుకు గాలి ఎట్లా తగ్గుతుందో తెలియదు కానీ తగ్గుతుంది.

జవాబు చెప్పలేదు. పిల్ల నాతో ఒక్కసారి సరిగా మాట్లాడితే పోను. లేకపోతే ఇక్కడ నేను ఎందుకు.

జూన్ 23, ఆదివారం

ఊరికే బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. పని ఏమీ లేదు. ఆస్మాకు మాత్రం పని ఉందని చెప్పాను.

మా పాత వీధిలో నన్ను గుర్తుపట్టినవాళ్లు లేరు. మా ఇల్లు ఉన్న చోట మందుల దుకాణం. దాని ముందు నిలబడి తలనొప్పి మాత్ర ఒకటి కొనుక్కున్నాను. మా నాయన నన్ను నిలబెట్టి దారం పట్టిన తలుపు ఎక్కడుండేదో అంచనా వేశాను. ఇప్పుడక్కడ దగ్గు మందులు పేర్చారు.

రెండోది నీలం సైకిలు. మళ్లీ దారం, మళ్లీ ముడి, మళ్లీ మోకాళ్లు. ఈసారి మా అమ్మ నన్ను తొట్టి వెనక్కి లాక్కుపోవాల్సిన అవసరం రాలేదు. నేనే మోకాళ్లు చాచి ఎక్కాను. "ఎట్లుందిరా?" "బాగుంది నాయనా." మా చెల్లెలు పక్కన నిలబడి, ఇది ఎప్పుడు తన చేతికి వస్తుందా అని చూస్తుండేది. లోకంలో ఎవరికైనా కొలతకు తగ్గ సైకిళ్లు దొరికాయంటే అది మా గౌసియాకే.

మూడోది ఆకుపచ్చది. గేర్లున్నదట. దాన్ని నేను చూడలేదు. మా నాయన కొని గదిలో పెట్టుకున్నాక కువైట్‌లో యుద్ధం వచ్చింది. ఎడారిలో పడి, ఎక్కడెక్కడో తిరిగి, గడ్డం పెంచుకుని, చేతిలో ఒక్క సంచితో ఇంటికి చేరాడు. మా అమ్మ ఆయన్ను పట్టుకుని ఏడుస్తుంటే ఆయన నా వైపు చూసి, "సైకిలు ఆడనే పడిపాయరా" అన్నాడు. నాకు ఆ సైకిలు అక్కర్లేదని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

ఆ తర్వాత నల్ల సైకిలు. అదొక్కటే జమ్మలమడుగు బజారులో, నన్ను పక్కన నిలబెట్టుకుని కొన్నది. పాత సామాన్లతో కట్టించిన పెద్ద సైకిలు. ఈసారి ఆయనకు బుద్ధి వచ్చి ఎంత పెద్దది కొన్నాడంటే, సీటు మీద కూర్చుంటే నా కాళ్లు గాల్లో ఉండేవి. "ఎదుగుతావులే" అన్నాడు. కడ్డీ కింద కాలు దూర్చి తొక్కుతుంటే క్యారియర్ పట్టుకుని వెనకాల పరిగెత్తేవాడు. ఆదివారాల్లో మైలవరం డ్యాం దాకా పోయేవాళ్లం. పోయేటప్పుడు నేను తొక్కేది, వచ్చేటప్పుడు ఆయన. "నాయనా, వదలాకు" అని అరుస్తూనే ఉండేవాణ్ణి. "వదల్లేదురా" అని వెనకనుంచి రొప్పుతూ చెప్పేవాడు.

ఆ ఏడాదే నాకు నాయన ఉన్నట్టు అనిపించింది. యుద్ధం అయిపోగానే మళ్లీ పోయాడు. ఆసారి దారం తీయలేదు. నేనూ అడగలేదు.

జూన్ 24, సోమవారం

సైకిలు మీద ఎవరో తడి తువ్వాలు ఆరేశారు. తీసి తీగ మీద వేశాను.

జూన్ 30, ఆదివారం

గౌసియాను చూద్దామని పులివెందుల పోయాను. దాన్ని అక్కడే ఇచ్చారు. నన్ను చూడగానే ఏడ్చి, వెంటనే కోడిని కోయించడానికి మనిషిని పంపింది. భోజనం అయ్యాక పెరట్లోకి తీసుకుపోయింది. గోడకు ఆనించి నీలం సైకిలు. తుప్పు పట్టి, చక్రాలు లేకుండా, దాని మీదికి బీరతీగ పాకి ఉంది.

"నా పిలకాయలంతా దీని మిందే నేర్చుకొన్యారు" అంది. "నీకు మాత్రం ఎప్పుడూ సరిపోలా. కప్పమాదిరి పోతాంటివి."

"నాయనకు తెలీకుండా శానా తిప్పలు పడినాంలే" అన్నాను.

గౌసియా నా మొహంలోకి చూసింది. "తెలీకుండా ఏంది? నాయనకు తెల్సు."

"ఎట్లా తెల్సు?"

"మిద్దె మింద నిలబడి చూస్తాన్యాడు. నేనూ ఆడనే ఉంటి. నువ్వు మోకాళ్లు చాపుకొని వీధిలో పోతాండావు. పిలకాయలు ఎగతాళి చేస్తాండారు. కిందికి దిగొచ్చి నిన్ను ఆపుతాడేమో అనుకొంటి. రాలా. బీడీ కాల్చుకుంటా ఆడనే నిలబడె."

"ఏమీ అనలేదా?"

"అన్యాడు. 'సెలవు అయిపోవచ్చెలే పాపా' అన్యాడు. అంతే."

నాకు కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకుని ఏం చేసుకోవాలి. నేను ఆయన బాధపడతాడని దాచాను. ఆయన నేను దాస్తున్నానని తెలిసి, తెలియనట్టు దాచాడు. ఒకే ఇంట్లో ఇద్దరం అట్లా దాక్కున్నాం. దిగివచ్చి, "చిన్నదైందిరా" అని ఒక్క మాట అంటే నేను ఏడ్చేవాణ్ణి, ఆయన కూడా ఏడ్చేవాడు, సరిపోయేది.

వచ్చేటప్పుడు బస్సు దగ్గర అడిగింది. "నీ బిడ్డకు సరిపాయనా సైకిలు?"

"బాగుందనింది."

"నువ్వూ నాయనతో అట్లనే అంటివి కదన్నా" అంది. బస్సు కదిలింది.

జూలై 2, మంగళవారం

అన్నం తిన్నాక ఆస్మాతో చెప్పాను. హుమాయున్ చూసిన ఇంటికి పోతానని.

కుట్టు మిషను ఆపలేదు. అంచు కుట్టడం అయ్యాక దారం పళ్లతో తెంపి, అప్పుడు మాట్లాడింది. "నేను పొమ్మనను, ఉండమనను. నువ్వు ఉన్యా పనులు అవుతాయి, లేకున్యా అవుతాయి. అట్ల నేర్చుకొన్యాం ఇన్నేండ్లు. కోపంగా అంటాండానని అనుకోవాకు."

కోపం లేదు. అదే బాధ. కోపం ఉంటే నా చోటు ఒకటి ఖాళీగా ఉన్నట్టు. ఖాళీ ఎక్కడా లేదు.

పక్క గదిలో సాజియా ఏదో పాఠం బయటికి చదువుతోంది. నేను మాట్లాడుతుండగా ఆ చదువు ఆగింది. మళ్లీ మొదలుకాలేదు.

ఒక సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. వచ్చిన రోజు బస్టాండులో ఆస్మా పక్కన ఎవరో పొడుగాటి ఆడమనిషి నిలబడి ఉంటే, పక్కింటామె తోడు వచ్చిందేమో అనుకున్నాను. "బాగుండారామ్మా" అని పలకరించాను కూడా. ఆమె తలవంచుకుంది. ఆస్మా అంది, "ఏంది, నీ బిడ్డనే గుర్తుపట్టలేదా?" ఫోన్‌లో రోజూ చూశాను. ఫోన్‌లో మొహమే కనబడుతుంది. నిలబడితే ఎంత ఉంటుందో ఫోన్ చెప్పదు. నవ్వి సర్దేశాను. కానీ పిల్ల నవ్వలేదు.

సైకిలు పెట్టె విప్పకముందే నాకు తెలుసు, అది సరిపోదని. తెలిసే విప్పాను.

జూలై 3, బుధవారం

హుమాయున్ పాస్‌పోర్టు ఫోటో పంపమన్నాడు. రేపు పంపుతానన్నాను.

జూలై 4, గురువారం

పొద్దున నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూద్దామని మిద్దె ఎక్కాను. కింద బెల్లు మోగింది. ఆ బెల్లు చప్పుడు నాకు తెలుసు, అంగట్లో పదిసార్లు కొట్టి చూసి కొన్నాను.

పిట్టగోడ దగ్గరికి వచ్చి చూశాను. సాజియా. బడి బట్టల్లో, బుట్టలో సంచి పెట్టుకుని, ఊదా సైకిలు మీద. మా సందులో సాగిపోతోంది. మోకాళ్లు రెండు పక్కలా చాచి, మడమలతో పెడల్ నొక్కుతూ, వీపు వంచి.

ఆ తొక్కుడు నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అట్లా ఎందుకు తొక్కుతారో, ఎవరి కోసం తొక్కుతారో నాకు తెలిసినంతగా ఈ ఊర్లో ఇంకెవరికీ తెలియదు. ఎదురింటి పిల్లలెవరో నవ్వారు. సాజియా తల తిప్పలేదు. మలుపు దగ్గర ఒక్కసారి మిద్దె వైపు చూసింది. నన్ను చూసి మోకాళ్లు ఇంకొంచెం చాచింది.

నాకు ఏడుపొచ్చింది. మిద్దె మీదే నిలబడి ఉంటే అక్కడే ఉండిపోయేవాణ్ణి. మెట్లు దిగి, చెప్పులు కూడా లేకుండా సందులో పరిగెత్తాను. రెండో మలుపులో అందుకుని హ్యాండిల్ పట్టుకున్నాను.

"దిగు."

"ఎందుకు? బడికి టైమవుతాంది."

"ఎవరు తొక్కమన్యారు? మీ అమ్మా?"

"ఎవురూ చెప్పలా."

"మోకాళ్లు తగుల్తాండాయి."

"లే. బాగుంది."

"బాగలేదు. చిన్నదైంది. నేను తప్పు కొలత తెచ్చినా. నాకు తెల్సు, నువ్వు దిగు సాజియా."

దిగింది. సైకిలుకు అటువైపు తను, ఇటువైపు నేను. పిల్ల తల నా చెవి దాకా వచ్చింది. మోకాలు రుద్దుకుంటూ, నన్ను చూడకుండా సీటును చూస్తూ అంది. "తొక్కితే పోవేమో అనుకొన్యా."

 "ఈ పొద్దు బడి వద్దులే" అన్నాను. బడి మాన్పించే అధికారం నాకుందో లేదో కూడా తెలియదు. తను ఊ అంది.

ఇద్దరం సైకిలు నెట్టుకుంటూ బజారుకు పోయాం. దారిలో ఎర్ర సైకిలు సంగతి, కప్ప సంగతి చెప్పాను. కప్ప అనగానే నవ్వింది. "మా జేజినాయన కూడా కొలత తెలీని మనిషేనా?" అంది. అవునన్నాను. ఊదా సైకిలు ఎవరికిద్దామంటే, గౌసియత్త చిన్న కూతురికి పంపుదామంది. మా ఇంటి సైకిళ్లు చివరికి ఎటు పోతాయో ఈ పిల్లకు అప్పుడే తెలిసిపోయింది.

శేషాద్రి అనే ఆయన సైకిల్ షాపు. ఆయన నన్నే అడిగాడు. "పాప ఎత్తు ఎంతప్పా?"

నా చెయ్యి దానంతటదే లేచింది. కారు అద్దం ఎత్తుకు. అక్కడే ఆగిపోయింది.

"ఎత్తు ఎందుకు మామా, నేను ఈడనే ఉండాగదా" అంది సాజియా ఆయనతో. వరుసలోంచి నల్లది ఒకటి తనే లాగి ఎక్కి కూర్చుంది. మునివేళ్లు నేలకు ఆనాయి. మోకాళ్లు ఎక్కడా తగల్లేదు. శేషాద్రి సీటు బిగించి పక్కకు జరిగాడు. పిల్ల వెనక్కి తిరిగింది.

"నాయనా, పట్టుకో. వదలాకు."

స్కూటీ తోలే పిల్లకు వెనకాల పట్టుకునే మనిషి అవసరం లేదు. అది తనకూ తెలుసు, నాకూ తెలుసు. పట్టుకున్నాను. బజారులో జనం తప్పుకుంటూ దారిచ్చారు. చెప్పుల్లేని కాళ్లు కాలుతుంటే రొప్పుతూ పరిగెత్తాను.

జేబులో ఫోన్ మోగింది. హుమాయునే అయ్యుంటాడు. రెండు చేతులూ క్యారియర్ మీద ఉన్నాయి. తీయలేదు.